రాగి రేకు మీద కొమ్ము పురుగు: 17వ శతాబ్దపు పద్ధతిలో ఎచ్చింగ్ ఎలా చేయాలి

1646లో ఆంట్‌వెర్ప్ నగరంలో వెన్‌సెస్లాస్ హోలార్ అనే చిత్రకారుడు పన్నెండు చిన్న రాగి రేకులతో ఒక పురుగుల బొమ్మల వరుసను అచ్చువేశాడు. ఈగలు, పేడపురుగులు, ఇతర పురుగుల వివిధ ఆకారాలు అనే అర్థం వచ్చే పొడవాటి లాటిన్ పేరు పెట్టాడు. ఒక్కొక్క బొమ్మ అరచేతిలో ఇమిడిపోయేంత. వాటిలో ఒకదానిలోనే నలభై ఒక్క పురుగులున్నాయి. వెనుక ఆకు లేదు, కొమ్మ లేదు, నేల లేదు. తెల్లని కాగితం మీద ఎవరో ఇప్పుడే ఏరి పేర్చినట్టుంటాయి.

టొరంటో విశ్వవిద్యాలయంలోని ఫిషర్ గ్రంథాలయం హోలార్ బొమ్మలను వేల సంఖ్యలో ఇంటర్నెట్‌లో ఉంచింది. పని మొదలుపెట్టే ముందు వాటిలోని పురుగుల బొమ్మను ఒకదాన్ని తెర మీద పెద్దది చేసి, పది నిమిషాలు కదలకుండా చూడండి. నల్లని పేడపురుగు వీపు నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఆ మెరుపు ఎక్కడ ఉందో వెతకండి. అక్కడ ఒక్క గీత కూడా లేదని, అది ఉత్త కాగితమేనని తెలిసేసరికి నాకైతే ఒళ్లు జలదరించింది. ఈ పనిలో నేర్చుకోవలసిన అసలు విద్య అదే: గీయడం కన్నా వదలడం కష్టం. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఆ వదిలిన చోటును కాపాడుకోవడమే మీ పని.

ఎచ్చింగ్ అంటే తెలియనివారికి రెండు మాటలు. రాగి రేకుకు మైనం పూస్తారు. సూదితో మైనాన్ని గీకి బొమ్మ వేస్తారు. రేకును ఆమ్లంలాంటి ద్రావణంలో ముంచితే, మైనం పోయిన చోట మాత్రమే రాగి తినబడి సన్నని కాలువలు పడతాయి. ఆ కాలువల్లో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితంతో కలిపి ప్రెస్సులో నడిపితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. సూది తీసేది మైనాన్నే, రాగిని తినేది ఆమ్లం. అందుకే గీత గీసేటప్పుడు చేతికి బరువుండదు, కలంతో రాసినంత తేలికగా నడుస్తుంది. రోమాలు, మీసాలు, కీళ్లు గీయవలసిన పురుగుకు ఇంతకన్నా తగిన పద్ధతి నాకు తెలియదు.

మొదటి మెట్టు: పురుగును ఎంచుకోండి

మొదటిసారికి సీతాకోకచిలుక వద్దు. దాని అందమంతా రంగులో ఉంటుంది, మన దగ్గర ఉన్నది నలుపు ఒక్కటే. గట్టి పెంకు ఉన్న పురుగును తీసుకోండి. కొబ్బరి తోటల్లో కనిపించే కొమ్ము పురుగు ఇందుకు చాలా బాగుంటుంది. వానాకాలం రాత్రుళ్లు దీపాల దగ్గరికి వచ్చి గోడకు కొట్టుకుని పడుతుంది. కొబ్బరి రైతును అడిగితే సంతోషంగా డబ్బా నిండా ఇస్తాడు, ఎందుకంటే అది మొవ్వును తొలిచి చెట్టును పాడు చేసే పురుగు. ఇనుప కొక్కెంతో లాగి చంపడం తోటల్లో ఎప్పుడూ ఉన్న పనే. చచ్చిన పురుగు దొరికితే అదే చాలు, బొమ్మ కోసం ప్రత్యేకంగా ఒకదాన్ని చంపనక్కరలేదు.

17వ శతాబ్దంలో బతికున్న పురుగుతో పడిన పాట్లు కొన్ని రాతల్లో మిగిలాయి. లండన్‌లో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని కింద చూసినవాటిని 38 పలకల బొమ్మలతో 1665లో పుస్తకంగా తెచ్చాడు. అందులో చీమను గీయడానికి అతను పడిన శ్రమ అంతా ఇంతా కాదు. కాళ్లను మైనంతో అంటిస్తే శరీరం మెలితిప్పుకుంటుంది, చంపితే ముడుచుకుపోతుంది. చివరికి చీమను బ్రాందీలో ముంచాడు. అది మత్తులో పడిపోయింది, బయటికి తీసి గీసుకున్నాడు. గంట తరువాత ఆ చీమ లేచి పరుగెత్తిందని తనే రాశాడు.

మనకు ఆ అవస్థ లేదు. చచ్చిన పురుగు కాళ్లు బిగుసుకుని ఉంటే, మూత ఉన్న డబ్బాలో తడి గుడ్డ వేసి, దానిమీద కాగితం పరిచి, పురుగును ఒక రోజు ఉంచండి. కీళ్లు మెత్తబడతాయి. తరువాత థర్మాకోల్ ముక్క మీద పెట్టి, కాళ్లకు ఇటూ అటూ గుండుసూదులు గుచ్చి నిలబెట్టండి. సూదులు పురుగులోకి కాదు, దాని పక్కన గుచ్చాలి. రెండు రోజులు ఆరితే ఆ భంగిమలోనే గట్టిపడుతుంది. చీమలు పట్టకుండా కర్పూరం బిళ్ల పక్కన పెట్టండి.

రెండో మెట్టు: కాగితం మీద గీయండి

ఈ మెట్టుకు మూడు రోజులు పట్టినా ఫరవాలేదు. హోలార్ కూడా నేరుగా రాగి మీద మొదలుపెట్టలేదు. ఆ పురుగులన్నీ ముందుగా రంగులతో చూసి చిత్రించినవని, ఇంగ్లండుకు చెందిన అరండెల్ ప్రభువు సేకరణలోనివని పుస్తకం ముఖపత్రం మీదే చెప్పాడు. ఆ చిత్రాల నుంచి రాగి మీదికి దించాడు.

పురుగును కిటికీ పక్కన పెట్టండి. వెలుగు ఎడమ పక్క నుంచి, ఒకే దిక్కు నుంచి రావాలి. ట్యూబులైటు ఆర్పేయండి. రెండు దీపాల వెలుగు పడిన పెంకు మీద రెండు మెరుపులు వస్తాయి, అప్పుడు గుండ్రదనం చెదిరిపోతుంది.

ఇప్పుడు పదింతలు చూపే భూతద్దం కంటికి ఆనించి, పురుగును దగ్గరికి తెచ్చుకోండి. దూరం నుంచి నల్లగా, నున్నగా కనిపించిన వీపు నున్నగా ఉండదు. రెక్కల మీది పెంకులు రెండూ నడుమ ఒక గీత దగ్గర కలుస్తాయి. వాటినిండా సూది మొనతో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు, అక్కడక్కడ వరుస కట్టి ఉంటాయి. ప్రతి గుంటకూ వెలుగు వైపు అంచు చీకటిగా, అవతలి అంచు తళుక్కుమని ఉంటుంది. మెడ వెనుక పలక ముందు భాగంలో ఎవరో బొటనవేలితో నొక్కినట్టు పల్లం, దాని వెనుక అంచున చిన్న బొడిపెలు. కొమ్ము తల మీద నుంచి వెనక్కి వంగి ఉంటుంది, మగదానికి పెద్దది. ముందు కాళ్లకు రంపపు పళ్లు. తల కింద నుంచి వచ్చే మీసాల చివర విసనకర్రలాగా మూడు రేకులు. తిరగేస్తే పొట్ట నల్లగా ఉండదు, ఎర్రటి గోధుమ రంగు నూగు కనిపిస్తుంది.

చాలామంది చేసే తప్పు ఒకటుంది: వెనుక కాళ్లను పొట్ట నుంచి మొలిపించడం. ఆరు కాళ్లూ ఎదభాగం నుంచే వస్తాయి. పై నుంచి చూసినప్పుడు పెంకులు కప్పేయడంవల్ల పొరపాటు పడతాం. పురుగును తిరగేసి ఒక్కసారి చూసుకుంటే మళ్లీ తప్పు చేయరు.

పెన్సిలుతో అసలు పురుగుకు రెండింతల పరిమాణంలో గీయండి. అందులో నీడ వేయకండి. అంచులు, కీళ్లు, గుంటల వరుసలు మాత్రమే. తరువాత ఎర్ర పెన్సిలు తీసుకుని, మెరుపు పడే ప్రతి చోటు చుట్టూ గిరి గీయండి. పెంకు మీద పొడవాటి మెరుపు ఒకటి, మెడ పలక మీద చిన్నది, కొమ్ము వంపు మీద సన్నని చార. ఆ గిరుల లోపలికి ఇకమీద ఏ గీతా వెళ్లదు. ముఖ్యమైన మెరుపులు నాలుగైదింటికి మించకుండా చూసుకోండి. భూతద్దంలో వందలు కనిపిస్తాయి, అన్నిటినీ వదిలితే పురుగు మెరవదు, బూడిద చల్లినట్టవుతుంది.

మూడో మెట్టు: రాగి రేకును సిద్ధం చేయండి

రాగి సామాన్లు అమ్మే వీధిలో రేకు దొరుకుతుంది. ఒక మిల్లీమీటరు మందం, పోస్టుకార్డు పరిమాణం చాలు. గీతలు, సొట్టలు లేని వైపు చూసుకుని కొనండి. నాలుగు అంచులనూ ఆకురాయితో ఏటవాలుగా అరగదీయాలి. మొండి అంచు ఉంటే ప్రెస్సులో కాగితాన్నే కాదు, పైన పరిచే ఉన్ని దుప్పటిని కూడా కోసేస్తుంది. ఆ తరువాత 600, 1000, 2000 నంబరు నీటి గరుకు కాగితాలతో వరుసగా రుద్ది, మెటల్ పాలిష్‌తో అద్దంలా చేయండి. మిగిలిపోయిన ప్రతి గీరా సిరా పట్టి ప్రింటులో కనిపిస్తుంది.

ఇప్పుడు జిడ్డు వదిలించాలి. రాగి మీది కిలుము చింతపండు, ఉప్పుతో పోతుంది, ఇంట్లో రాగి చెంబు తోమినట్టే. జిడ్డు మాత్రం దానితో పోదు. చాక్ పొడిలో గిన్నెల సబ్బు చుక్క వేసి, మెత్తని గుడ్డతో రుద్ది, కొళాయి కింద కడగండి. రేకును నిలువుగా పట్టుకుంటే నీరు ఒకే పొరగా జారాలి. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్లీ రుద్దండి. ఆ తరువాత రేకును అంచులతోనే పట్టుకోండి.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. నా మూడో రేకుకు పూత వేసే ముందు, ఎండిందో లేదో చూద్దామని మధ్యలో వేలు పెట్టాను. పూత బాగానే పడింది, బొమ్మ బాగానే గీశాను. ఆమ్లంలో ఇరవై నిమిషాలు గడిచాక సరిగ్గా ఆ వేలిముద్ర ఉన్నచోట మైనం లేచిపోయింది. నేను ఎంతో జాగ్రత్తగా వదిలిన పెంకు మెరుపు నిండా నా వేలి రేఖలు రాగిలో చెక్కుకుపోయాయి.

నాలుగో మెట్టు: మైనపు పూత, పొగ

స్టూడియోల్లో ఈ పూతను గ్రౌండ్ అంటారు. తేనెమైనం, తారు జాతి పదార్థం, చెట్టు నుంచి వచ్చే గట్టి జిగురు (రోజిన్) కలిపి చేసిన హార్డ్ గ్రౌండ్ ద్రవరూపంలోనూ గట్టి ముద్దగానూ కళాసామగ్రి అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. మొదటిసారికి ద్రవరూపమే మేలు. రేకును కొంచెం ఏటవాలుగా పెట్టి, వెడల్పాటి మెత్తని కుంచెతో ఒకే దిక్కులో పలుచగా పూయండి. ఒక రాత్రి ఆరనివ్వండి.

హోలార్ కాలంలో ఈ పూత గురించి పెద్ద ఆలోచనే జరిగింది. జాక్ కాలో అనే చిత్రకారుడు వీణవంటి వాద్యాలు చేసేవాళ్లు వాడే గట్టి వార్నిష్‌ను రాగికి తెచ్చాడు. మెత్తటి మైనంలా అది గీత అంచున చిట్లదు, గీత శుభ్రంగా పడుతుంది, ఎక్కువ సేపు ఆమ్లంలో ఉన్నా నిలబడుతుంది. పారిస్‌లో అబ్రహామ్ బోస్ 1645లో రాసిన చేతిపుస్తకంలో ఈ వార్నిష్ తయారీ నుంచి ఆమ్లం పోయడం దాకా అన్నీ బొమ్మలతో వివరించాడు. హోలార్ పురుగులు అచ్చవడానికి అది సరిగ్గా ఒక ఏడాది ముందు.

పూత ఆరాక రేకును తలకిందులుగా పటకారుతో పట్టుకుని, కింద లావుపాటి మైనపువత్తి వెలిగించి పొగ పట్టించండి. మంట కొన తగలకూడదు, పొగ మాత్రమే తాకాలి. వత్తిని కదుపుతూ ఉండండి, ఒకేచోట ఆగితే పూత మాడిపోతుంది. టర్పెంటైన్, స్పిరిట్ సీసాలు ఆ గదిలో ఉండకూడదు. పొగ మసి మైనంలో కలిసి రేకు నల్లని అద్దంలా తయారవుతుంది.

ఐదో మెట్టు: బొమ్మను తిరగేసి దించండి

రేకు మీద ఎడమ ఉన్నది కాగితం మీద కుడి అవుతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1650లో ఒక శంఖాన్ని ఎచ్చింగ్ చేశాడు, గవ్వలను ప్రేమించేవాళ్లందరికీ తెలిసిన బొమ్మ అది. సంతకాన్ని తిరగేసి చెక్కాడు, కాబట్టి కాగితం మీద సరిగ్గా పడింది. శంఖాన్ని తిప్పలేదు. దానివల్ల ప్రకృతిలో కుడివైపు తిరిగే శంఖం ప్రింటులో ఎడమవైపు తిరిగింది. కొమ్ము పురుగు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి ఇందులో అంత ప్రమాదం లేదు, కానీ వెలుగు దిక్కు మారుతుంది, వంచి పెట్టిన కాళ్లు మారుతాయి, మీ పేరు అద్దంలోలా తిరగబడుతుంది.

మీ బొమ్మను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తండి, ఎర్ర గిరులతో సహా. దాన్ని తిరగేసి రేకు మీద పెట్టండి. మధ్యలో తెల్ల చాక్ పొడి రుద్దిన పలుచని కాగితం ఉంచి, బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కకుండా గీతల మీద నడపండి. నల్లని పూత మీద తెల్లని జాడ పడుతుంది. సంతకం తెలుగులో చేయాలనుకుంటే ట్రేసింగ్ కాగితం వెనుక వైపు చూసి తలకట్టులు ఎటు తిరుగుతాయో నాలుగుసార్లు సాధన చేయండి.

ఆరో మెట్టు: సూదితో గీయండి

చెక్క పిడికి బిగించిన కుట్టుసూది చాలు. మొనను సన్నని గరుకు కాగితం మీద గుండ్రంగా తిప్పి, కొద్దిగా మొద్దుగా చేయండి. మరీ వాడిగా ఉంటే రాగిలో దిగబడి చేతికి అడ్డం పడుతుంది. గీత కింద రాగి కనబడితే చాలు.

ఇక్కడ కొత్తవాళ్లను కలవరపెట్టే విషయం ఒకటుంది. నల్లని రేకు మీద మీరు గీసిన గీత బంగారంలా వెలుగుతుంది. ప్రింటులో నల్లగా రావలసిన నీడ రేకు మీద మిలమిలలాడుతుంది, తెల్లగా రావలసిన మెరుపు నల్లగా కనిపిస్తుంది. కన్ను మోసపోతుంది. వీపు మీద వెలుగు కావాలని తెలియకుండానే అక్కడికి సూది వెళ్లిపోతుంది. ఎర్ర గిరులు ఇందుకే. ట్రేసింగ్ కాగితాన్ని ఎదురుగా ఉంచుకుని, గిరి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ చేతిని పైకెత్తండి.

గీతల విషయంలో ఒకే సూత్రం: గీత పురుగు ఒంటి వంపును పట్టుకుని వెళ్లాలి. పెంకు అడ్డంగా గుండ్రంగా ఉంటుంది, గీతలూ విల్లులా వంగాలి. మెరుపు దగ్గరపడేకొద్దీ గీతల మధ్య ఎడం పెంచండి, ఆ తరువాత గీతను చుక్కలుగా విడగొట్టండి, ఆ తరువాత ఆపేయండి. నీడ వైపు రెండో వరుస గీతలను మొదటివాటి మీదుగా వాలుగా వేయండి. పేక అల్లినట్టు నిలువూ అడ్డమూ నలుచదరంగా వేస్తే పెంకు గోనెసంచిలా కనిపిస్తుంది. రెండు వరుసలూ తక్కువ కోణంలో కలిస్తే మధ్యలో మిగిలే సన్నని గళ్లలో కాగితం మెరుస్తుంది.

పొట్ట అంచున నూగుకు పొట్టి పొట్టి గీతలు, మొదట్లో ఒత్తుగా, చివర గాలిలోకి లేచినట్టు. హోలార్ ఆడవాళ్లు చేతులకు తొడుక్కునే బొచ్చు తొడుగులను ఒట్టి నల్ల గీతలతో, ముట్టుకుంటే మెత్తగా తగులుతాయేమో అనిపించేట్టు ఎచ్చింగ్ చేశాడు. నూగు గీసే ముందు వాటిని తప్పక చూడండి. బొచ్చు అంచున ఒక్కచోట కూడా చుట్టుగీత లేదు.

చివరిగా కింద పడే నీడ. హోలార్ కన్నా ముందు తరంలో యోరిస్ హూఫ్‌నాగెల్ చక్రవర్తి రెండో రుడాల్ఫ్ కోసం పుస్తకపుటల మీద పురుగులను చిత్రించినప్పుడు, ప్రతిదాని కింద చిన్న నీడ వేసి, అది నిజంగా పుట మీద వాలిందేమో అనిపించేలా చేశాడు. కాళ్ల కింద, పొట్ట కింద నాలుగైదు అడ్డగీతలు చాలు. నీడ పురుగు పాదాన్ని తాకాలి. తాకకపోతే పురుగు గాలిలో తేలుతుంది.

ఏడో మెట్టు: ఆమ్లంలో ముంచండి

పాత వర్క్‌షాపుల్లో నత్రికామ్లం వాడేవారు. దాని పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇంట్లో అసలు వద్దు. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వాడండి. ఎలక్ట్రానిక్స్ సామాన్ల దుకాణాల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్ముతారు. కరిగించి ఉన్న ద్రవాన్నే కొనండి, పొడిని నీటిలో వేస్తే విపరీతంగా వేడెక్కుతుంది. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు, ఒంటికి పాత బట్టలు తప్పనిసరి. గాలి బాగా ఆడే చోట చేయండి. పళ్లెం ప్లాస్టిక్‌ది కావాలి. అల్యూమినియం, జింకు, ఇనుము దగ్గరికి రానీయకండి.

ముందుగా రేకు వెనుక వైపును, అంచులను పార్సిల్ టేపుతో మూసేయండి. రేకును బోర్లా ముంచాలి, నాలుగు మూలలా చిన్న ప్లాస్టిక్ కాళ్లు అంటించి. ఈ ద్రావణంలో రాగి కరిగినప్పుడు బుడగలు రావు, మడ్డి పడుతుంది. వెల్లకిలా పెడితే ఆ మడ్డి గీతల్లో కూర్చుని ఆమ్లాన్ని అడ్డుకుంటుంది.

ద్రావణం బలం, గది వేడిమిని బట్టి కాలం మారుతుంది కాబట్టి, అసలు రేకును ముంచేముందు ఒక తుక్కు రాగి ముక్క మీద పరీక్ష చేయండి. పూత వేసి ఒకే రకం గీతలు నాలుగు గుంపులుగా గీసి, 5, 10, 20, 40 నిమిషాలు విడివిడిగా ముంచి ప్రింటు తీయండి. ఆ నాలుగు నలుపులను చూసుకుని మీ బొమ్మకు కాలాలు రాసుకోండి.

ఒకే సూదితో గీసిన గీత ఐదు నిమిషాలకు వెంట్రుకలా, నలభై నిమిషాలకు తాడులా మారుతుంది. నూగు కొసలు, మెరుపు చుట్టూ ఉన్న చుక్కలు ముందుగా బయటపడాలి. ఐదు నిమిషాలు కాగానే రేకును తీసి, నీటిలో కడిగి, ఆరనిచ్చి, ఆ గీతలను మూతవేయండి. లక్కను స్పిరిట్‌లో కరిగించి సన్న కుంచెతో వాటిమీద పూస్తే సరిపోతుంది, వడ్రంగులు చెక్కకు వేసే చపడా లక్కే. ఆరాక మళ్లీ ముంచండి. పెంకు మీది తేలిక గీతలకు ఇంకొంతసేపు, ఆ తరువాత అవి మూసి చీకటి వైపుకు, చివరికి నేల నీడకు. మొత్తం నాలుగు విడతలు. బోస్ చేతిపుస్తకంలోనూ ఇదే పద్ధతి. లక్కకు బదులు కొవ్వు, నూనె కలిపిన మిశ్రమం పూసేవారు, రేకును వాలుగా నిలబెట్టి ఆమ్లాన్ని దానిమీద మళ్లీ మళ్లీ పోసేవారు. కాపలా కాసే మైనం తేనెటీగ ఇచ్చినది, గీతలు మూసే లక్క లక్కపురుగు ఇచ్చినది. పురుగు బొమ్మను ఆమ్లం నుంచి కాపాడేది పురుగులే అన్నది నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది.

గడియారం పెట్టుకోండి, ఊహ మీద ఆధారపడకండి. హోలార్ లండన్‌లో గంటకు నాలుగు పెన్నీల కూలికి పనిచేసేవాడని, ఇసుక గడియారం ఎదుట పెట్టుకునేవాడని, ఎవరైనా మాట్లాడటానికి వస్తే ఆ గడియారాన్ని పక్కకు పడుకోబెట్టేవాడని చెబుతారు. ఆ నిజాయితీ ఆమ్లం దగ్గర కూడా కావాలి.

పని అయ్యాక రేకును కడిగి, సోడా కలిపిన నీటిలో ముంచి తీయండి. లక్క స్పిరిట్‌తో, మైనం కిరోసిన్‌తో పోతాయి. ద్రావణం చాలాసార్లు పనికొస్తుంది, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో దాచి పేరు రాసి ఉంచండి. బలం పూర్తిగా పోయినప్పుడు కూడా కాలువలోనో మొక్కల్లోనో పోయకండి. అందులో కరిగిన రాగి నీటిలోని జీవాలకు విషం. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.

ఎనిమిదో మెట్టు: ప్రింటు తీయండి

ఎచ్చింగ్ ప్రెస్సు ఇంట్లో ఉండేది కాదు. దగ్గరలోని లలితకళల కళాశాలను అడగండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో ముద్రణకళ విభాగమే ఉంది. అనుమతి అడిగి, మీ రేకు చూపిస్తే ఆదరించే గురువులు ఎక్కడైనా ఉంటారు.

మందపాటి నూలు కాగితాన్ని గంటసేపు నీటిలో నానబెట్టి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, మెరిసే తడి పోయేదాకా అద్దండి. రేకును కొద్దిగా వేడిచేసి, నూనె సిరాను అట్టముక్కతో గీతల్లోకి నెట్టండి. గంజిపెట్టిన పలుచని మల్లుగుడ్డను ఉండలా చేసి గుండ్రంగా తుడవండి, చివరికి అరచేతి అంచుకు కొంచెం చాక్ పొడి రాసుకుని మెరుపు ఉన్న చోట్లను ఒక్కసారి తేలికగా తుడవండి. అంచులు శుభ్రం చేయడం మరచిపోవద్దు. రేకు, దానిమీద కాగితం, దానిమీద ఉన్ని దుప్పట్లు, ఇక చక్రం ఆగకుండా తిప్పండి. మధ్యలో ఆగితే అక్కడ చార పడుతుంది.

కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా ఎత్తండి. మొదటి ప్రింటు ఎప్పుడూ అనుకున్నట్టు రాదు. దాన్ని ఆరబెట్టి, అసలు పురుగు పక్కన పెట్టి, ఏ నీడ పలచబడిందో పెన్సిలుతో దానిమీదే గుర్తుపెట్టండి. రేకుకు మళ్లీ పూత వేసి ఆ నీడను పెంచవచ్చు. మెరుపులో గీత పడితే మాత్రం రాగిని గీకి, నునుపు చేయడానికి రోజులు పడుతుంది.

తొమ్మిదో మెట్టు: రంగు వేయాలనుకుంటే

నలుపే నాకు ఇష్టం. కానీ పురుగుల ఎచ్చింగ్ గురించి మాట్లాడుతూ మరియా సిబిల్లా మెరియన్ పేరు ఎత్తకుండా ఉండలేను. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో, రాగి మీద చెక్కే కుటుంబంలో పుట్టింది. పదమూడేళ్ల వయసులో పట్టుపురుగులను పెంచుతూ గుడ్డు, పురుగు, గూడు, రెక్కలు అన్నీ చూసింది. 1679లో ఏభై పలకల గొంగళిపురుగుల పుస్తకం తెచ్చింది, ఒక్కొక్క పురుగునూ అది తినే మొక్క మీదే చూపిస్తూ. 1699లో కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. అక్కడ చూసినవాటితో 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అరవై పలకల పెద్ద పుస్తకం వెలువరించింది.

ఆమె వాడిన ఒక ఉపాయం మీకూ పనికొస్తుంది. ఒక ప్రింటు తీయగానే, సిరా తడి ఆరకముందే దానిమీద ఇంకొక తడి కాగితం పరిచి మళ్లీ ప్రెస్సులో నడపండి. ఈసారి రేకు అక్కరలేదు. రెండో కాగితం మీద బొమ్మ తిరిగి సరైన దిక్కుకు వస్తుంది, గీతలు లేత బూడిద రంగులో మెత్తగా ఉంటాయి, రేకు అంచు గుర్తు పడదు. నీటిరంగు వేస్తే నల్లని గీతలు అడ్డురావు, చేతితో గీసి రంగులు వేసిన చిత్రంలాగే ఉంటుంది.

ఆ కాగితం రెండు రోజులు ఆరాక, కొమ్ము పురుగు పెంకుకు పలుచని గోధుమ నలుపు, పొట్ట అంచు నూగుకు ఎర్రమట్టి రంగు వేయండి. ఎర్ర గిరుల లోపల ఈసారి కూడా కుంచె ఆనించకండి.